మూడో ఇన్నింగ్స్ పక్కన చుక్క

2023 మే పన్నెండు, శుక్రవారం. స్టేడియం పార్కింగ్ లాట్‌లో కార్‌లోనే కూర్చుని నిమ్మకాయ పులిహోర తిన్నాం. బయటి తిండి లోపలికి తీసుకెళ్ళనివ్వరు కాబట్టి పద్దెనిమిదేళ్ళుగా మా సీజన్ అలాగే మొదలయ్యేది. ఆ రోజు నా భార్య ప్రసూన నాలుగు మెతుకులు తిని డబ్బా మూత పెట్టేసింది. ఆట అయ్యాక తింటానంది. అప్పటికి పప్పులు మెత్తబడిపోతాయని నేను అన్నాను. నాకు పప్పుల సంగతే తట్టింది.

హెరాన్స్ టీవీలో కనిపించే పెద్ద జట్టు కాదు. మా షామ్‌బర్గ్ ఇంటికి పావుగంట దూరంలో, మొక్కజొన్న చేను పక్కన వాళ్ళ గ్రౌండ్. పెద్ద లీగుల దాకా వెళ్ళలేకపోయిన కుర్రాళ్ళూ, వెళ్ళి జారిపడ్డ ముప్పై దాటినవాళ్ళూ కలిసి ఆడే చిన్న బేస్‌బాల్ జట్టు. హెరాన్ అంటే కొంగే కాబట్టి ప్రసూన మొదటి నుంచీ వాళ్ళని ‘మన కొంగలు’ అనేది. ఆ జట్టు గురించి మేమిద్దరం తెలుగులో ఒక బ్లాగు నడిపేవాళ్ళం, ‘కొంగల కబుర్లు’ అని. చదివేవాళ్ళు రెండు వందల మంది ఉంటారేమో. వాళ్ళలో తెనాలిలో ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారున్నారు. జన్మలో ఒక్క బేస్‌బాల్ ఆటా చూడలేదు. ‘మన షార్ట్‌స్టాప్‌కి జ్వరం తగ్గిందా?’ అని రాసేవారు.

పని పంచుకున్నాం. ప్రసూన స్కోర్ రాస్తుంది, నేను కబుర్లు రాస్తాను, అవి ముందుగా ఆవిడే చదువుతుంది. టౌన్‌షిప్ లైబ్రరీలో ఇరవై రెండేళ్ళు పుస్తకాలకి నంబర్లు వేసిన మనిషి. ఆటకి ముందు రెండు పెన్సిళ్ళు చెక్కుకుని, ఒడిలో స్కోర్‌బుక్ పెట్టుకుని కూర్చుంటే, ఏ బంతి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళిందో చిన్న చిన్న గడుల్లో అంకెలతో పడిపోయేది. సీజన్‌లో సొంత గ్రౌండ్ మీద నలభై ఎనిమిది ఆటలు. పుస్తకంలో ఆటకో పేజీ, పైవరసలో ఆ ఆట తొమ్మిది ఇన్నింగ్స్‌కీ ఒక్కో అంకె.

మా వరసలో చివరి సీటు, నడవ పక్కది, వాల్ట్‌ది. పోస్ట్‌మాన్‌గా రిటైరయ్యాడు, ఎనభై దగ్గర పడ్డాడు. మోకాలు చాపుకోవడానికి ఆ సీటు ఎన్నేళ్ళుగానో అతనిదే. ప్రసూనని ‘జడ్జి’ అని పిలిచేవాడు. దానికి కారణం ఉంది. ఫీల్డర్ చేతిలోంచి బంతి జారిపోయినప్పుడు, అది మామూలు ప్రయత్నంతో అందేదే అయితే స్కోర్‌బుక్‌లో అతని పేరు మీద ఎర్రర్ రాయాలి. అందనిదైతే బ్యాటర్‌కి హిట్ రాయాలి. తేల్చాల్సింది స్కోర్ రాసేవాళ్ళే. ఆ విషయంలో ప్రసూన కనికరం చూపించేది కాదు.

ఆ మే సాయంత్రం మూడో ఇన్నింగ్స్‌లో రెండో, మూడో బేస్‌ల మధ్య కాపలా కాసే మా షార్ట్‌స్టాప్ కాళ్ళ మధ్యనుంచి బంతి దూసుకుపోయింది. కొత్త కుర్రాడు, మొదటి రోజు, హిట్ రాసెయ్యమని వాల్ట్ బతిమాలాడు. నేనూ వంత పాడాను.

“నేరుగా చేతుల్లోకి వచ్చింది. వాడు చూడలేదు. ఎర్రరే” అంది ప్రసూన.

“పాపం, వాళ్ళమ్మ కూడా వచ్చిందట ఆట చూడ్డానికి” అన్నాను.

“అయితే వాళ్ళమ్మ చూసుకుంటుంది. నేను స్కోర్ చూసుకుంటాను.”

రాసి, పెన్సిల్ ఎత్తబోయి ఆగి, పేజీ పైన మూడు అంకె పక్కన చిన్న చుక్క పెట్టింది. అదేమిటని అడిగాను. అది నా గుర్తు, రూల్స్‌లో లేదులెండి, అంది. లైబ్రరీ అలవాట్లు ఇలాంటివి చాలా ఉన్నాయి ఆవిడకి. బైనాక్యులర్స్ తీసుకుని బంతి విసిరే పిచ్చర్ వైపు తిప్పాను.

ఆ పిచ్చర్ పేరు మెర్సర్. ముప్పై రెండేళ్ళు. జట్టులో అతనికి అదే ఆఖరి అవకాశమని అందరికీ తెలుసు. జూన్ మొదటివారం నాకు అతనిలో ఏదో తేడా కనిపించింది. బంతి వేశాక కుడిచెయ్యి ఒకసారి విదిలించేవాడు. ఇన్నింగ్స్ మధ్యలో బెంచి మీద కూర్చున్నప్పుడు ఎడమ అరచేతిని కుడి మోచెయ్యి కింద ఆనించి పెట్టుకునేవాడు, చంటిపిల్ల తల కింద చెయ్యి పెట్టినట్టు. కోచ్ అటు తిరిగితే తీసేసేవాడు. మూడు ఆటలు గమనించి, ‘మోచెయ్యి’ అని ఒక కబురు రాశాను. నేను రాసినవాటిలో బాగా కుదిరింది అదేననుకున్నాను. ‘ఏమీ చెప్పడు. చూసేవాడికి మాత్రమే తెలుస్తుంది’ అని ముగించాను.

ఎప్పటిలాగే ప్రసూన వంటింటి బల్ల దగ్గర కూర్చుని చదివింది. మజ్జిగ గ్లాసు పక్కన పెట్టుకుంది కానీ తాగలేదు. చదవడం అయ్యాక కూడా కాసేపు స్క్రీన్ వైపే చూసింది.

“అంత దూరం నుంచి మోచెయ్యి కనిపించిందా మీకు?”

“బైనాక్యులర్స్ ఉన్నాయిగా.”

“అవును, ఉన్నాయి” అంది. మళ్ళీ మొదటి నుంచి చదివి, రెండు కామాలు తీసేసి, బాగుంది వేసెయ్యండి అంది.

పదకొండు కామెంట్లు వచ్చాయి. తెనాలి మాస్టారు మెర్సర్‌ని కర్మయోగి అన్నారు. నేను ఆ మాట ప్రసూనకి రెండుసార్లు చదివి వినిపించాను.

జూలైలో ఆవిడ చిక్కింది. ఎండలని చెప్పింది. నాకూ అలాగే అనిపించింది, ఆ ఏడు ఎండలు ఎక్కువే. వెన్ను నొప్పిగా ఉంటోందంటే స్టేడియం సీట్లు గట్టివని మెత్తటి దిండు ఒకటి కొనుక్కొచ్చాను. కొంగల నీలంరంగు వెతికి మరీ తెచ్చానని సంబరపడ్డాను. ఒకరోజు వాల్ట్ ఉన్నట్టుండి లేచి, చివరి సీటులో ఎండ కళ్ళల్లో పడుతోంది, జడ్జి గారు ఇటు వస్తే తను లోపలికి జరుగుతానన్నాడు. ఆ రోజు నుంచి అతను మోకాలు ముడుచుకునే కూర్చున్నాడు. మా వరసంతటికీ ఎండ ఒకేలా పడుతుందన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు. నడవ పక్కన కూర్చుంటే బాత్రూమ్‌కి వెళ్ళడానికి ఎవరినీ లేపక్కర్లేదు.

జూలై ఆఖర్న మెర్సర్ మోచెయ్యి పూర్తిగా పోయింది. మర్నాడు జట్టులోంచి పంపేశారు. ట్రైనర్‌తో మాట్లాడి వచ్చిన వాల్ట్ చెప్పాడు, మేలోనే నోరు విప్పి ఉంటే సీజన్ పోయేది గాని చెయ్యి మిగిలేదట. ప్రసూన పేజీలో అతని పేరున్న గీతని చివరిదాకా పూర్తి చేసింది.

ఆగస్ట్ మొదటివారం జట్టు వేరే ఊళ్ళకి వెళ్ళింది. ఇక్కడ ఎనిమిది రోజులు ఆటలు లేవు. ఆ ఎనిమిది రోజుల్లోనే ప్రసూన డాక్టర్ అపాయింట్‌మెంట్ పెట్టుకుంది. నాకు ముందురోజు చెప్పింది. స్కాన్ తీశారు. రెండు రోజుల తర్వాత మళ్ళీ రమ్మన్నారు, ఇద్దర్నీ.

డాక్టర్ నమ్రత మా అమ్మాయి కన్నా చిన్నదిలా ఉంది. చెప్పాల్సింది నెమ్మదిగా, కుర్చీ మా వైపు జరుపుకుని చెప్పింది. పాంక్రియాస్‌లో మొదలై లివర్‌కి పాకింది. ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది. తర్వాత, నొప్పి సుమారుగా ఎప్పటి నుంచి ఉందని అడిగింది.

ప్రసూన బ్యాగ్ జిప్ తీసి స్కోర్‌బుక్ బల్ల మీద పెట్టింది.

“సుమారుగా కాదమ్మా. ఇందులో ఉంది” అంది.

నమ్రతకి ముందు అర్థం కాలేదు. ప్రసూన వేలు పెట్టి చూపించింది. ఈ అంకెలు ఇన్నింగ్స్. ఒక చుక్క అంటే నొప్పి వచ్చింది. రెండు చుక్కలంటే రాయడం ఆపాల్సివచ్చింది. ఆరున్నరకి ఆట మొదలు, మూడో ఇన్నింగ్స్ అంటే ఏడుంపావు. డాక్టరు మొదటి పేజీ నుంచి ఒక్కొక్కటీ తిప్పుతూ కంప్యూటర్‌లో ఎక్కించుకుంది. మే పన్నెండు, ఒక చుక్క. మే నెలాఖరుకి ఆటకి మూడు. నా మెర్సర్ కబురు నాటి పేజీలో అయిదు. జూలై పేజీల్లో పైవరస అంతా చుక్కలే, ముగ్గు వెయ్యడానికి పెట్టుకున్నట్టు.

“అంకుల్, మీరు కూడా వెళ్ళేవారా ఈ ఆటలకి?” అని అడిగింది నమ్రత. తప్పు పట్టడానికి కాదు, ఊరికే అడిగింది.

“పక్క సీటే” అన్నాను.

ఆ అమ్మాయి తల ఊపి, పుస్తకం మూసి, రెండు చేతులతో ప్రసూనకి అందించింది. మేలో వచ్చినా ఇంతకన్నా తేడా ఉండేదని చెప్పలేనంది. అది నిజమో, నా మొహం చూసి అన్నదో నేను అడగలేదు.

కార్‌లో కూర్చున్నాక, ఎందుకు చెప్పలేదని అడిగాను. తాళం ఇంకా తిప్పలేదు.

“మొదట్లో గ్యాస్ అనుకున్నాను. తర్వాత అలా అనుకోలేదు” అంది. “చెబితే ఈ వేసవి ఆస్పత్రుల్లో పోతుంది. చెప్పకపోతే పుస్తకం నిండుతుంది. అంతే. పదండి, మందులషాపు మూసేస్తారు.”

మా అమ్మాయి దేదీప్య రెడ్‌మండ్ నుంచి ఆ శనివారం వచ్చింది. లాప్‌టాప్ డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని అక్కడినుంచే ఆఫీస్ పని చేసేది. వచ్చిన రోజే ముందుగది ఖాళీ చేయించి అమ్మకి ఆస్పత్రి మంచం తెప్పించింది. పక్కన తనకి మడతమంచం వేసుకుంది. రాత్రిళ్ళు నేను ఉంటానన్నాను.

“వద్దు నాన్నా. నేను ఉంటా. నువ్వు పడుకుంటే లేవవు.”

నిజానికి నా నిద్ర పలచన. దాని తల్లి నిద్రలో ఒత్తిగిల్లినా నాకు తెలిసేది. ఆ మాట ఏ ముఖం పెట్టుకుని అనగలను? ముప్పై ఆరేళ్ళ తర్వాత మొదటిసారి మేడమీద గదిలో ఒక్కణ్ణే పడుకున్నాను.

దేదీప్యకి తెలుగు చదవడం రాదు. మా బ్లాగు ఎప్పుడూ ఫోన్‌లో ఇంగ్లీష్‌లోకి మార్చుకుని చదివేది, వచ్చిన వింత వాక్యాలకి నవ్వుతూ మాకు ఫోన్ చేసేది. మూడో రోజు మధ్యాహ్నం నేను గిన్నెలు కడుగుతుంటే వంటింట్లోకి వచ్చి నిలబడింది. చేతిలో ఫోన్ ఉంది. స్కోర్‌బుక్ సంగతి వాళ్ళమ్మ చెప్పిందట.

“ఇది జూన్‌లో రాశావా నాన్నా? అతని ఎల్బో గురించి?”

రాశానన్నాను.

“అమ్మ పక్కన కూర్చుని?”

నీళ్ళు కట్టేశాను. దేదీప్య ఒక గుడ్డ తీసుకుని, నేను కడిగిన గిన్నెలు తుడిచి లోపల పెట్టింది. అన్నీ అయ్యేదాకా పెట్టింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేదని ఆ రోజు అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ గిన్నెలు తుడవడం కూడా ఒక దయే.

జట్టు ఊళ్ళోకి తిరిగొచ్చాక ప్రసూన మంచం మీదనుంచే స్కోర్ రాసింది. లాప్‌టాప్‌లో రేడియో వ్యాఖ్యానం పెట్టేవాళ్ళం. దిండ్లకి ఆనుకుని, కళ్ళు మూసుకుని వింటూ, ఒక్కో బ్యాటర్ అయ్యాక కళ్ళు తెరిచి రాసేది. ఆఖరి రోజుల్లో ఇంటికొచ్చి చూసుకునే హాస్పిస్ నర్సు వచ్చినా ఆ ఇన్నింగ్స్ అయ్యేదాకా ఆగమనేది. ఆ నర్సు చేతులు కడుక్కొచ్చి కూర్చుని, వాటిని రుద్దుకుని వెచ్చజేసుకుంటూ ఆగేది. నలభై ఏడు పేజీలు నిండాయి. పెన్సిల్ ఒత్తు తగ్గుతూ వచ్చింది. నలభై ఏడో పేజీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే గాని కనిపించదు.

సెప్టెంబర్ మూడు, ఆదివారం, ఆఖరి ఆట. పొద్దున ప్రసూన పెన్సిల్ పట్టుకుంటే వేళ్ళలోంచి జారిపోయింది. రెండోసారీ జారింది. దుప్పటి మీద నుంచి తీసి నాకు ఇచ్చింది.

“మీరు వెళ్ళి రాసుకుని రండి.”

నేను కదలనన్నాను. ఆటదేముంది, రేడియోలో వింటూ ఇక్కడే రాస్తానన్నాను.

“విని రాస్తే వాళ్ళు చెప్పిందే వస్తుంది. ఒక్కటైనా చూసి రాసింది ఉండాలి చివర్లో. వెళ్ళండి. ఒక్క పేజీ ఖాళీగా ఉంటే నాకు నిద్ర పట్టదు.” తర్వాత కూతురి వైపు తిరిగి, “నాన్నకి పులిహోర కలిపి ఇవ్వు. నిమ్మకాయ రెండు చెక్కలు చాలు” అంది.

నమ్రత చెప్పినదాన్ని బట్టి మాకు మిగిలింది రోజుల్లోనే ఉంది. ఆ నెల పద్దెనిమిదిన ప్రసూన వెళ్ళిపోయింది. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నమంతా ఇంటికి దూరంగా గడపడం నాకు ఇష్టం లేదు. అయినా వెళ్ళాను. పార్కింగ్ లాట్‌లో కార్‌లో ఒక్కణ్ణే డబ్బా మూత తీయలేకపోయాను. బ్యాగ్‌లో పెట్టుకునే గేటు దగ్గరికి నడిచాను. పద్దెనిమిదేళ్ళుగా మా బ్యాగ్‌లు తనిఖీ చేసిన ఆవిడే ఆ రోజూ ఉంది. డబ్బా చూసింది, నా పక్కన ఎవరూ లేకపోవడం చూసింది. బ్యాగ్ జిప్ తనే మూసి లోపలికి వెళ్ళమంది.

చివరి సీటు వాల్ట్ ఖాళీగా ఉంచాడు. దాని మీద నీలం దిండు పెట్టి నేను పక్కన కూర్చున్నాను. పులిహోర ఇద్దరం తిన్నాం. ఇది ఎప్పుడూ ఇంత పుల్లగా ఉంటుందా అని అడిగి, ఇంకొంచెం పెట్టించుకున్నాడు.

రాయడం నేననుకున్నంత తేలిక కాదు. రాయడానికి తల దించితే తర్వాతి బంతి పోయేది. ఎత్తి చూస్తుంటే వెనకటి గడి మిగిలిపోయేది. రెండో ఇన్నింగ్స్‌కే చెమటలు పట్టాయి. ఆవిడ ఇన్నేళ్ళూ రాసింది, చూసింది, నా మాటలకి ఊకొట్టింది, వాల్ట్‌తో వాదించింది. ఈ వేసవంతా వీటితోపాటు నొప్పిని కూడా ఏ నిమిషానిది ఆ నిమిషానికి గుర్తు పెట్టింది.

ఏడో ఇన్నింగ్స్‌లో బంతి నేరుగా మా షార్ట్‌స్టాప్ మీదికి వచ్చింది. మే నాటి కుర్రాడే. అప్పటికి రాటుదేలాడు. కానీ పక్కన పరిగెడుతున్న రన్నర్ వైపు ఒక్క క్షణం చూశాడు. బంతి కాళ్ళ మధ్యనుంచి పోయింది. బోర్డు మీద ఎర్రర్ అని వేశారు. నా పెన్సిల్ ఆ గడి మీద ఆగిపోయింది. ఖాళీగా వదిలేశాను. వాల్ట్ చూశాడు. అవతలి జట్టుకి ఆరు పరుగులు, కొంగలకి రెండు. ఓడిపోయాం. వెళ్ళేటప్పుడు వాల్ట్ మోకాలు సవరించుకుంటూ లేచి, జడ్జికి తన నమస్కారం చెప్పమన్నాడు.

అయిదున్నరకి ఇల్లు చేరాను. ప్రసూనకి మందు వేసే వేళ కావడంతో ఏడుదాకా ఆగాం. తర్వాత మంచం పక్కన కుర్చీ వేసుకుని మొదటి బ్యాటర్ నుంచి చదివాను. కళ్ళు మూసుకునే వింది. రెండు చోట్ల నా అంకెలు దిద్దించింది. ఒకచోట, ఆ బంతి మొదటి బేస్‌కి వెళ్ళే దారిలో రెండో బేస్ దగ్గర ఆగి ఉంటుంది, చూసుకోండి, అంది. నిజమే, ఆగింది. దేదీప్య మడతమంచం అంచున కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. వింటోందని నాకు తెలుసు.

ఏడో ఇన్నింగ్స్ వచ్చేసరికి ఆగాను.

“ఇది నువ్వే తేల్చాలి ప్రసూనా.”

జరిగింది చెప్పాను. చెయ్యి అడ్డం పెడితే చాలన్నాను. కష్టమైన బంతి కాదన్నాను. బోర్డు మీద ఎర్రర్ వేశారని కూడా చెప్పాను.

“ఎటు చూస్తున్నాడు?”

“వేరే ఎటో చూస్తున్నాడు.”

నిద్రపోయిందేమో అనుకున్నాను.

“హిట్ రాయండి.”

“నేరుగా చేతుల్లోకి వచ్చింది. చూడలేదు, అంతే. మేలో ఇదే బంతికి నువ్వు ఎర్రర్ రాశావు.”

“మేలో నాకు తెలీదు. కొన్ని నేరుగా వస్తేనే కనిపించవు” అంది. “రాయండి. స్కోర్ నాది.”

రాశాను. ఆ పుస్తకంలో రూల్‌కి విరుద్ధంగా ఉన్న గడి అదొక్కటే. ఈ రెండేళ్ళలో చాలాసార్లు చూశాను, దిద్దలేదు.

మిగిలిన రెండు ఇన్నింగ్స్ చదివాను. అయ్యాక, ఈ సాయంత్రం నొప్పి ఎప్పుడెప్పుడు వచ్చిందని అడిగాను. ప్రసూన కళ్ళు తెరిచి నా వైపు చూసింది. నాలుగు చదువుతున్నప్పుడు ఒకటి, ఎనిమిదిలో రెండు, అంది. నాలుగు పక్కన ఒక చుక్క పెట్టాను. ఎనిమిది పక్కన రెండు. పుస్తకం ఆవిడ చేతి కింద ఉంచాను. వేళ్ళు దాని అంచు పట్టుకున్నాయి, తర్వాత వదులయ్యాయి.

దేదీప్య లేచింది. నీళ్ళ గ్లాసు నా చేతికి అందేచోట జరిపి, పదింటికి వేయాల్సిన మందు చూపించింది. గోడకున్న తన చార్జర్ తీసుకుంది. మడతమంచం మీద నుంచి తన దిండు ఒక్కటే తీసుకుని, దుప్పటి నాకు వదిలేసింది. గుమ్మం దగ్గర ఒకసారి ఆగింది.

“ఏమైనా అయితే...” అని మొదలుపెట్టి, “పడుకో నాన్నా” అంది.

బయటికి వెళ్ళి, గడియ చప్పుడు కాకుండా పిడిని పూర్తిగా తిప్పి పట్టుకుని, తలుపు మెల్లగా మూసింది.